కష్టపడితే చాలా? అమెరికాలో మాంగ్ కుటుంబాలు, చిలీ కుటుంబాలు: ఒక లెక్క

ఈరోజు ఎపిసోడ్ ఇద్దరు సెలబ్రిటీలతో మొదలుపెడదాం.

మొదటి వ్యక్తి సునీసా లీ. టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ ఆల్ అరౌండ్ గోల్డ్ కొట్టిన అమ్మాయి. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. పుట్టి పెరిగింది మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో. చిన్నప్పుడు ప్రాక్టీస్‌కి బ్యాలెన్స్ బీమ్ కొనే స్తోమత ఇంట్లో లేక, వాళ్ల నాన్న పెరట్లో చెక్కతో ఒకటి చేసిచ్చాడు. రెండో వ్యక్తి పెడ్రో పాస్కల్. నార్కోస్, ది లాస్ట్ ఆఫ్ అస్ చూసినవాళ్లకి పరిచయం అక్కర్లేదు. పుట్టింది చిలీ రాజధాని శాంటియాగోలో, 1975లో. పిల్లాడు నెలల వయసులో ఉండగానే తల్లిదండ్రులు ప్రాణభయంతో దేశం వదిలేశారు. ముందు డెన్మార్క్, తర్వాత అమెరికా. వాళ్ల నాన్న డాక్టర్.

ఇద్దరూ రెఫ్యూజీ కుటుంబాల పిల్లలే. కానీ ఒక ఇంట్లో తండ్రి డాక్టర్, ఇంకో ఇంట్లో బీమ్ కొనడానికే డబ్బుల్లేవు. ఈ తేడా వాళ్ల రెండు కుటుంబాలది మాత్రమే కాదు. అమెరికాలో ఉన్న మాంగ్ కమ్యూనిటీ, చిలీ కమ్యూనిటీ ఆర్థిక పరిస్థితులు పక్కపక్కన పెడితే ఇదే కనిపిస్తుంది. ఎందుకని? ఒకళ్లు ఎక్కువ కష్టపడి, ఇంకొకళ్లు తక్కువ కష్టపడ్డారా? ఈరోజు అదే తేల్చుకుందాం.

ఈ టాపిక్ నేను ఎందుకు తీసుకున్నానో ముందే చెప్పేస్తా, ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటి ఉంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కొన్నాళ్లు ఆన్‌సైట్‌కి మిన్నియాపోలిస్ వెళ్లాను. శనివారం వస్తే సెయింట్ పాల్ రైతు బజార్‌కి వెళ్లేవాళ్లం. అక్కడ పచ్చిమిర్చి, కాకరకాయ, పొడుగు చిక్కుడు, కొత్తిమీర ఫ్రెష్‌గా దొరుకుతాయి. అమ్మేవాళ్లలో చాలామంది మాంగ్ వాళ్లే. ఒక ముసలావిడ దగ్గర మిర్చి రేటు అడిగితే ఆవిడకి నా ఇంగ్లీష్ అర్థం కాలేదు. పక్కన పదేళ్ల మనవరాలు అందుకుని చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో నేను ఫ్రెండ్‌తో అన్నాను, "ఇన్నేళ్లుగా ఇక్కడే ఉండి ఇంగ్లీష్ నేర్చుకోకపోతే ఇంకెలా ఎదుగుతారు రా, మనవాళ్లు చూడు ఎలా సెటిలవుతారో" అని. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆ మనుషుల గురించి చదివాక ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

సరే, విషయంలోకి వద్దాం. ఇంగ్లీష్‌లో వీళ్ల పేరు 'హ్మాంగ్' అని రాస్తారు, పలకడం మాత్రం 'మాంగ్'. దక్షిణ చైనా, వియత్నాం, లావోస్, థాయ్‌లాండ్ కొండల్లో ఉండే జాతి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పోడు అంటాం కదా, అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిద నేలలో విత్తడం, అదే వీళ్ల వ్యవసాయం. 1960ల్లో లావోస్‌లో కమ్యూనిస్టులతో పోరాడటానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వీళ్లతో ఒక రహస్య సైన్యం తయారుచేసింది. నాయకుడు జనరల్ వాంగ్ పావ్. పదిహేనేళ్ల వయసు పిల్లలు కూడా తుపాకీ పట్టారు. వేలమంది చనిపోయారు. 1975లో అమెరికా వెళ్లిపోయింది. జనరల్‌నీ, కొన్ని వేలమందినీ విమానాల్లో తీసుకెళ్లారు. మిగతావాళ్లు అడవుల్లో నడిచి, మెకాంగ్ నది దాటి, థాయ్‌లాండ్ శిబిరాల్లో ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 1980 ఒక్క ఏడాదిలోనే పాతిక వేలమందికి పైగా అమెరికా చేరారు. 2004 తర్వాత కూడా ఒక శిబిరం నుంచి దాదాపు 15 వేలమంది వచ్చారు.

ఇప్పుడు ఒక డీటెయిల్ వినండి. మాంగ్ భాషని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి వచ్చిందే 1950ల్లో. అంటే నాకు మిర్చి అమ్మిన ఆవిడ పుట్టిన ఊళ్లో బడి ఉండి ఉండదు, ఇంట్లో ఎవరూ తమ భాషలో ఒక ఉత్తరం రాసి ఎరగరు. పెన్ను పట్టని మనిషి, పోడు తప్ప వేరే పని తెలియని మనిషి, మైనస్ ఇరవై డిగ్రీల చలిలో దిగి, పరాయి భాషలో ఉద్యోగం వెతుక్కోవాలి. నేను పోల్చింది ఎవరితో? ఒకటో క్లాసు నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, బీటెక్ చేసి, కంపెనీ టికెట్ మీద దిగిన నాతో.

ఇక చిలీ. చిలీ వాళ్లు అమెరికాకి కొత్త కాదు. 1849 గోల్డ్ రష్‌లోనే వాల్పరైసో ఓడరేవు నుంచి ఓడలెక్కి కాలిఫోర్నియా బంగారు గనులకి వచ్చారు. అక్కడ దాడులు కూడా ఎదుర్కొన్నారు. కానీ ఈనాటి కమ్యూనిటీ కథ ఎక్కువగా 1973 తర్వాతిది. ఆ ఏడాది సెప్టెంబర్ 11న సైన్యం ప్రెసిడెంట్ ఆయెందే ప్రభుత్వాన్ని కూల్చేసింది. పినోచెట్ పాలన 1990 దాకా నడిచింది. ప్రాణాలు దక్కించుకోవడానికి వెళ్లిపోయినవాళ్లలో ప్రొఫెసర్లు, డాక్టర్లు, విద్యార్థులు, యూనియన్ నాయకులు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది స్వీడన్, మెక్సికో, వెనెజువెలా, కెనడా లాంటి దేశాలకి వెళ్లారు. అమెరికా కొద్దిమందినే తీసుకుంది. అమెరికాకి వచ్చిన చిలీ వాళ్లలో చాలామంది చదువు కోసమో, ఉద్యోగం కోసమో, బంధువుల దగ్గరికో విమానమెక్కి వచ్చారు. ఆ దూరానికి టికెట్ కొనగలిగి, వీసా ఇంటర్వ్యూలో నెగ్గగలిగిన మనిషి ఆల్రెడీ కాస్త స్థోమత ఉన్నవాడే. అందరూ అలా అని కాదు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో గొర్రెలు కాయడానికి టెంపరరీ వీసాల మీద వచ్చే చిలీ కార్మికులు కూడా ఉన్నారు. కానీ మొత్తం మీద చదువుకున్నవాళ్ల వాటా ఎక్కువ.

ఇప్పుడు నంబర్లు. 1990 సెన్సస్‌లో అమెరికాలోని మాంగ్ వాళ్లలో మూడింట రెండొంతుల మందికి దగ్గరగా పేదరికంలో ఉన్నారు. 2000 నాటికి అది దాదాపు 38 శాతానికి దిగింది. అప్పటికీ ఆసియా గ్రూపులన్నిటిలో అదే ఎక్కువ. పాతికేళ్లు దాటినవాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లు 7.5 శాతం. చిలీ మూలాలున్న పెద్దవాళ్లలో ఈరోజు డిగ్రీ ఉన్నవాళ్లు మూడో వంతు పైనే. వాళ్ల ఆదాయాలు మొత్తం లాటినోల సగటు కంటే ఎక్కువే ఉంటాయి.

ఇక్కడ ఒక ట్రిక్ ఉంది, జాగ్రత్తగా చూడండి. 1999లో మాంగ్ కుటుంబాల మధ్యస్థ ఆదాయం ఏడాదికి సుమారు 32 వేల డాలర్లు. దేశం మొత్తానికి సుమారు 50 వేలు. చూడగానే "పర్లేదు, మరీ అంత గ్యాప్ లేదు" అనిపిస్తుంది. కానీ మాంగ్ ఇంట్లో సగటున ఆరుగురికి పైగా ఉండేవాళ్లు. దేశ సగటు కుటుంబంలో ముగ్గురు. 32 వేలని ఆరుతో భాగించండి, మనిషికి ఐదు వేల చిల్లర. 50 వేలని మూడుతో భాగించండి, పదహారు వేల పైన. తేడా మూడు రెట్లు! పైగా 2000లో మాంగ్ జనాభా మధ్యస్థ వయసు దాదాపు పదహారేళ్లు. అంటే సగం మంది స్కూలుకెళ్లే పిల్లలే. సంపాదించే చేతులు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ. అందుకే ఎవరైనా కుటుంబ ఆదాయం టేబుల్ చూపించి "వీళ్లు గొప్ప, వాళ్లు కాదు" అంటే, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ ఇంట్లో ఎంతమంది?

"సరే, చదువు తేడా, కుటుంబం సైజు తేడా. కానీ కల్చర్ అనేది కూడా ఉంటుంది కదా?" అని మీరు అనొచ్చు. మంచి ప్రశ్న. దాన్ని టెస్ట్ చేసే దారి ఒకటుంది. అదే మనుషుల్ని వేరే చోట పెట్టి చూడటం. చరిత్ర ఆ పని చేసి పెట్టింది.

దక్షిణ అమెరికా ఖండంలో ఫ్రెంచ్ గయానా ఉంది. ఫ్రాన్స్‌లో భాగం. 1977లో కొన్ని వందలమంది మాంగ్ శరణార్థుల్ని అక్కడ కాకావ్ అనే చోట దింపారు. చుట్టూ అడవి. చేతికి భూమి ఇచ్చారు, మొదట్లో కొంత సాయం చేశారు. వాళ్లు అడవి కొట్టి సాగు మొదలుపెట్టారు. ఈరోజు అక్కడి జనాభాలో మాంగ్ వాళ్లు ఒకటి రెండు శాతమే. కానీ అక్కడ అమ్ముడయ్యే తాజా కూరగాయలు, పళ్లలో పెద్ద భాగం వాళ్లు పండించినవే. అదే జాతి, అదే కల్చర్, అదే యుద్ధం. ఒక చోట వాళ్లకి తెలిసిన పనికి విలువ దొరికింది, ఇంకో చోట ఆ పనికి విలువ లేకుండా పోయింది.

చిలీ వాళ్లకీ ఇలాంటి టెస్ట్ ఉంది. స్వీడన్‌లో చిలీలో పుట్టినవాళ్లు పాతిక వేలకి పైగా ఉన్నారు. డిక్టేటర్‌షిప్ రోజుల్లో అక్కడ దిగిన చదువుకున్నవాళ్లలో చాలామంది మొదట్లో ఆఫీసులు తుడిచారు, ఫ్యాక్టరీల్లో చేశారు. భాష రాదు, చేతిలో ఉన్న సర్టిఫికెట్‌ని గుర్తించేవాళ్లు లేరు. అంటే చిలీ వాళ్లకి పుట్టుకతో వచ్చిన మ్యాజిక్ ఏమీ లేదు. ఏ దారిలో వచ్చారు, చేతిలో ఉన్నది అక్కడ చెల్లుతుందా లేదా, అదే తేల్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సాఫ్ట్‌వేర్ వాళ్లకి హెచ్ వన్ బీ అంటే తెలుసు, ఏటా లాటరీ టెన్షన్ తెలుసు. కానీ చిలీ వాళ్లకి ప్రత్యేకంగా వేరే వీసా ఉందని తెలుసా? పేరు హెచ్ వన్ బీ వన్. అమెరికా, చిలీ మధ్య ఫ్రీ ట్రేడ్ ఒప్పందం 2004 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని కింద మన 65 వేల హెచ్ వన్ బీ కోటాలోంచే ఏటా 1,400 చిలీకి, 5,400 సింగపూర్‌కి పక్కన పెడతారు. లాటరీ లేదు. ఏటా చాలా మిగిలిపోతాయి కూడా. మిగిలినవి తర్వాతి ఏడాది జనరల్ పూల్‌లో కలుస్తాయి. 2014 నుంచి చిలీ వాళ్లు టూరిస్ట్ వీసా లేకుండానే అమెరికా వెళ్లొచ్చు. తలుపు ఎవరికి ఎంత తెరవాలో ప్రభుత్వాలు కూర్చుని డిసైడ్ చేస్తాయి. మనం బయట నిలబడి "వాళ్ల కల్చర్" అంటాం.

మన సంగతీ అంతే. 2000 సెన్సస్‌లో అమెరికాలోని భారతీయుల్లో 64 శాతం మందికి డిగ్రీ ఉంది. అదే సమయంలో ఇండియాలో పెద్దవాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. అంటే అమెరికా మనల్ని జల్లెడ పట్టి తీసుకుంది. జల్లెడలో పైన మిగిలిన గింజలు చూపించి "మా పొలంలో తాలు ఉండదు" అంటే ఎలా?

కష్టపడటం లేదని అనను. మనవాళ్లు కష్టపడతారు, నాకు తెలుసు. కానీ మాంగ్ వాళ్లు? మిన్నెసోటాలో 2000 నాటికే మాంగ్ కుటుంబాల్లో సగానికి పైగా సొంత ఇళ్లు కొనుక్కున్నాయి. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం కౌలు పొలం, శనివారం రైతు బజార్. 2002లో మీ మోవా మిన్నెసోటా సెనేట్‌కి ఎన్నికైంది, అమెరికాలో ఒక రాష్ట్ర చట్టసభకి వెళ్లిన మొదటి మాంగ్ వ్యక్తి ఆమె. 2010ల చివరికి పేదరికం 20 శాతం కంటే కిందికి వచ్చింది. 1990లో ఎక్కడ మొదలయ్యారో గుర్తుపెట్టుకుని ఈ నంబర్ చూడండి. ఒక్క తరంలో ఇంత దూరం రావడం కష్టం కాకపోతే ఏంటి?

చివరిగా ఒక ముఖ్యమైన పాయింట్. అమెరికా ఫారాల్లో మాంగ్ అమ్మాయి 'ఏషియన్' అనే బాక్స్‌లో టిక్ పెడుతుంది. చిలీ డాక్టర్ గారబ్బాయి 'హిస్పానిక్' బాక్స్‌లో పెడతాడు. ఏషియన్ సగటు ఆదాయం ఎక్కువ, ఎందుకంటే అందులో మనం ఉన్నాం. ఆ సగటు చూసి "మీకు సాయం అక్కర్లేదు" అంటే నష్టపోయేది ఆ అమ్మాయి. మన జీతాల వెనక ఆమె పేదరికం కనపడకుండా పోతోంది. అందుకే విడివిడిగా లెక్కలు తీయాలని మాంగ్ వాళ్లు అడిగారు. స్కూలు పిల్లల డేటాని అలా విడదీయాలని మిన్నెసోటా 2016లో చట్టం చేసింది.

కాబట్టి ఫ్రెండ్స్, ఇకమీదట మీ వాట్సాప్‌లో "అమెరికాలో సంపాదనలో మనమే నంబర్ వన్" అనే టేబుల్ వస్తే, గర్వపడండి, తప్పులేదు. నేనూ ఒకప్పుడు స్టేటస్ పెట్టుకున్నాను. కానీ ఆ టేబుల్లో కింద ఉన్న పేరు చూసి నవ్వేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. వాళ్లు ఏ దారిలో వచ్చారు? వచ్చేటప్పుడు చేతిలో ఏముంది? ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చారు?

ఆ ముసలావిడ ఆరోజు నాకు కవర్లో గుప్పెడు మిర్చి ఎక్కువ వేసింది. మనవరాలు "ఫ్రీ" అని చెప్పింది. నేను థాంక్స్ కూడా సరిగా చెప్పలేదు. మళ్లీ ఎప్పుడైనా సెయింట్ పాల్ వెళ్తే, మాంగ్ భాషలో థాంక్స్ ఎలా చెప్పాలో నేర్చుకుని వెళ్తాను.

ఈ ఎపిసోడ్ నచ్చితే, ఆ టేబుల్ ఫార్వర్డ్ చేసిన మీ అన్నయ్యకో, బాబాయ్‌కో ఒకసారి పంపండి. గొడవ పడకుండా మాట్లాడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.