ఖాండవం ఎవరు తగలబెట్టారో తెలిసిన శ్రోత



శ్రోత మీద సదస్సు, దానికి అధ్యక్షోపన్యాసం అనగానే నేను ఆలంకారికుడు అభినవగుప్తుడితో మొదలుపెట్టి, రసమెరిగిన ఆదర్శ శ్రోత అయిన సహృదయుడి దగ్గర ఆగుతానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. ఆ దారిలో మనవాళ్లు చాలా దూరమే నడిచారు. నా ఫిర్యాదల్లా ఒక్కటే. సహృదయుడు ఎలా ఉండాలో వెయ్యేళ్లుగా చెప్పుకుంటున్నాం గానీ, టికెట్టు కొనుక్కుని పదో వరుసలో కూర్చున్న మనిషి నిజంగా ఏం విన్నాడో మనం రాసిపెట్టుకున్నది బహు తక్కువ. అందుకని ఇవాళ ఒకే ఒక్క కృతిని పట్టుకుంటాను. అది మనది కాదు. వేల్స్ స్వరకర్త కార్ల్ జెంకిన్స్ కూర్చిన 'ది ఆర్మ్‌డ్ మ్యాన్'. శాంతి కోసం ఒక మాస్ అని దానికి ఉపశీర్షిక. కాథలిక్ పూజలోని లాటిన్ ప్రార్థనలను బృందగానంగా కట్టడం ఐరోపాలో శతాబ్దాల ఆనవాయితీ. దాన్నే మాస్ అంటారు.

ఈ కృతిని రాయించింది ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉన్న ఆయుధాల మ్యూజియం, రాయల్ ఆర్మరీస్. కత్తులూ తుపాకులూ భద్రపరిచేవాళ్లు శాంతిగానం రాయించడమేమిటని నవ్వుకోనక్కర్లేదు, వాటి పనేమిటో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది! అప్పటి మ్యూజియం అధిపతి గై విల్సన్ పాఠాలు ఏరి ఇచ్చారు. సాయుధుడిని చూసి భయపడమని చెప్పే పాత ఫ్రెంచి పాట ఒకటుంది. దాని బాణీ మీద డ్యుఫే, జోస్కాన్, పాలెస్ట్రీనా వంటి మహామహులు మాస్‌లు కట్టారు. జెంకిన్స్ అక్కడి నుంచే అందుకున్నాడు. ఆయన రాస్తుండగానే కొసొవో మండింది. కృతిని అక్కడి బాధితులకు అంకితమిచ్చాడు. 2000 ఏప్రిల్ 25న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మొదటిసారి పాడారు. మొత్తం 13 భాగాలు. లాటిన్ ప్రార్థనల పక్కనే అజాన్, బైబిలు కీర్తనలు, కిప్లింగ్, టెన్నిసన్, హిరోషిమా కవి తోగె సాంకిచి, ఆ వెంటనే మన మహాభారతం.

విమర్శకుల్లో పెదవి విరిచినవాళ్లు తక్కువేం కాదు. జెంకిన్స్ ఒకప్పుడు 'సాఫ్ట్ మెషీన్' అనే జాజ్-రాక్ బృందంలో వాయించాడు, వ్యాపార ప్రకటనలకు సంగీతం చేశాడు. ఆ ముద్ర అంత తేలిగ్గా పోదు. మరీ సులభం, మరీ తీపి అన్నారు.    ఈలోగా ఊళ్లలోని క్వయర్లు, అంటే గాయక బృందాలు, ఈ కృతిని తమ సొంతం చేసుకున్నాయి. పగలంతా ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సలుకు వచ్చే టీచరు, నర్సు, రిటైరైన గుమాస్తా నేర్చుకోగలిగిన సంగీతం ఇది. హాల్లో కూర్చున్నవాళ్లు చాలావరకు వాళ్ల ఇంటివాళ్లే. మన భజనగోష్ఠిలో మాదిరే ఇక్కడా పాడేవాడికీ వినేవాడికీ మధ్య గోడ పల్చన. కాగితం మీది స్వరాలు చూసి తీర్పు చెప్పిన విమర్శకుడికి ఈ గోడ సంగతి అందలేదని నా అభిప్రాయం. అలాగని ఏడిపించిందల్లా గొప్ప సంగీతమనీ నేననను.

ఇక వినికిడి దగ్గరికి వద్దాం. రెండో భాగం అజాన్. వాద్యాలేవీ ఉండవు, ఒక్క గొంతే. మొదటి ప్రదర్శనలో అది సర్వమత సమభావానికి గుర్తుగా వినబడి ఉంటుంది. రికార్డింగు బజారులోకి వచ్చింది 2001 సెప్టెంబరు 10న. మర్నాడు న్యూయార్కులో జంట సౌధాలు కూలాయి. సీడీలో ఒక్క స్వరమూ మారలేదు, విన్న చెవులు రాత్రికి రాత్రి మారిపోయాయి. ఆ భాగం వదిలేసి పాడే బృందాలున్నాయి, స్థానిక మసీదు నుంచి అజాన్ పలికే మౌజన్‌ను సగౌరవంగా ఆహ్వానించే బృందాలూ ఉన్నాయి. వదిలేసినవాళ్లు కూడా ఒక రకంగా దాన్ని గట్టిగానే విన్నారు.

ఏడో భాగం దాడి. బాకాలు, డ్రమ్ములు, ఉత్సాహం. ఉన్నట్టుండి క్వయర్ పాట మానేసి కేకలు పెడుతుంది. గొంతులు ఎటుపడితే అటు జారతాయి. ఆపైన నిశ్శబ్దం, దాదాపు అర నిమిషం. తర్వాత బ్యూగిల్ మీద 'లాస్ట్ పోస్ట్'. బ్రిటిష్ శ్రోతకు ఈ నిశ్శబ్దంలో ఎలా కూర్చోవాలో ఎవరూ నేర్పక్కర్లేదు. యుద్ధమృతుల స్మృతిలో నవంబరులో రెండు నిమిషాలు మౌనంగా నిలబడే అలవాటు 1919 నుంచి ఉన్న దేశం అది. ఆ అలవాటు లేనిచోట అదే అర నిమిషంలో దగ్గులు వినిపిస్తాయి, భాగం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేవాళ్లూ ఉంటారు. అయితే ఆ బ్యూగిల్ మనకు పరాయిది కాదు. సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో మన సైన్యమూ దాన్నే ఊదుతుంది. జవానును సాగనంపిన తెలుగు పల్లెలో ఆ రాగం తెలిసినవాళ్లు నాలుగిళ్లలోనైనా ఉంటారు.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా పట్టి నిలిపింది ఎనిమిది, తొమ్మిది భాగాలు. ఎనిమిదోది తోగె సాంకిచి చూసిన హిరోషిమా మంట. తొమ్మిదోది ఖాండవదహనం. అడవి అంటుకుంటుంది. జంతువులు అరుస్తూ చెదిరిపోతాయి, కళ్లు తేలేస్తాయి, పిల్లల్ని వదల్లేక కావలించుకునే కాలిపోతాయి. విల్సన్ తీసుకున్నది ఇంతే. అగ్ని ఆకలి లేదు, గాండీవం లేదు, కృష్ణార్జునుల పేర్లు లేవు. లండన్ శ్రోతకు అది ఎవరు పెట్టారో తెలియని మంట. అందుకే అతని జాలికి అడ్డేమీ ఉండదు.

నన్నయ ఆదిపర్వం చివర చదివినవాడి పరిస్థితి వేరు. అడవి చుట్టూ ఎవరు కాపలా కాశారో, ఇంద్రుడి వాన చుక్క కిందపడకుండా బాణాలతో ఎవరు ఆపారో అతనికి తెలుసు. జరిత అనే తల్లిపక్షి తన రెక్కలు రాని పిల్లల్ని ఏంచేయాలో తోచక ఏడ్చిన ఏడుపు తెలుసు. బతికి బయటపడ్డ మయుడు కట్టిన సభ సంగతైతే పుస్తకం ముట్టనివాడికి కూడా తెలుసు. 'దానవీరశూరకర్ణ'లో ఎన్టీ రామారావు దుర్యోధనుడిగా అక్కడ తిరుగుతూ చెప్పిన మాటలు 1977 నుంచి ఊరూరా మైకుల్లో మోగుతూనే ఉన్నాయి. ఆ సభలో జరిగిన పరాభవం ఎంత దూరం పోయిందో చెప్పక్కర్లేదు. అంటే ఈ మంట కురుక్షేత్రానికి దారితీసిన మంట, పెట్టించింది మనం పూజించే చేతులు. మన జాలి ఎదురుగా మన భక్తి నిలబడుతుంది. ఆ ఇబ్బందితో విన్నదే నిండైన వినికిడి అని నేను నమ్ముతున్నాను. విల్సన్ పేర్లు తీసేయడాన్ని తప్పుపట్టను. ఒకటి మాత్రం గమనించండి. హిరోషిమా మీద బాంబు వేసింది ఎవరో పాశ్చాత్య శ్రోతకు తెలుసు, ఖాండవం తగలబెట్టింది ఎవరో మనకు తెలుసు. రెండు మంటలూ పక్కపక్కనే ఉన్నాయి. అతనికి మొదటి దాని దగ్గర గొంతులో ఏం అడ్డుపడుతుందో, మనకు రెండో దాని దగ్గర అదే అడ్డుపడాలి.

ఇంత దాటుకుని వస్తే పన్నెండో భాగం, బెనెడిక్టస్. చెల్లో ఒక్కటే చాలాసేపు నెమ్మదిగా పాడుతుంది, తర్వాత క్వయర్ అందుకుంటుంది, మధ్యలో 'హోసన్నా' పెద్ద కెరటంలా లేస్తుంది. రేడియోల్లో, అంత్యక్రియల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. బ్రిటన్‌లోని క్లాసిక్ ఎఫ్ఎం రేడియో శ్రోతలు ఏటా ఓటేసే జాబితాలో ఈ కృతి ఏళ్ల తరబడి పై వరుసల్లో ఉండటానికి ముఖ్య కారణం ఈ కొద్ది నిమిషాలే అనుకుంటాను. అందమైన సంగీతమే. కానీ మంటలు వినకుండా దీన్నొక్కదాన్నే విడిగా విన్నవారికి కలిగే ఊరట నాకెందుకో కాస్త చవకగా దొరికినట్టు తోస్తుంది. తండ్రి శవపేటిక పక్కన నిలబడి విన్నవారికి నేనీ మాట చెప్పలేను. వాళ్ల మంట వాళ్లు వెంట తెచ్చుకునే ఉంటారు.

పరిశోధక విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాను. భారతం చదివినవాళ్లను, చర్చి క్వయర్‌లో పెరిగినవాళ్లను, రెండూ తెలియని డిగ్రీ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టండి. ఎనిమిది, తొమ్మిది భాగాలు వినిపించండి, పాఠాల అనువాదం చేతికివ్వండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరికి వారిని తెలుగులో ఒక పేజీ రాయమనండి. ఆ కాగితాల్ని దిద్దకండి, భాష కూడా సవరించకండి. వచ్చే సదస్సులో నా ఉపన్యాసానికి ఇచ్చిన సమయం ఆ పేజీలు చదవడానికి వాడుకోవచ్చు.

ఇప్పుడు మొదటి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.