హిమయుగములు - మన నైరృతి వానలు



కోష్ఠాగారమున వానను కొలుచుటకు ఒక పాత్ర నుంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. ఏ దేశమున ఎంత వాన కురియునో అందే లెక్క కలదు: జాంగల దేశములకు 16 ద్రోణములు, అశ్మకమునకు 13½, అవంతికి 23. అశ్మకమనగా గోదావరీ తీరము. నేటి బోధనే దాని రాజధాని యని పలువురి మతము. తెలంగాణపు నేలకు వాన కొంచెమని ఆనాడే లెక్కకెక్కినదన్నమాట. శిస్తు కట్టువాడు వాన లెక్క తెలియక భూమి లెక్క వ్రాయజాలడు గదా!

అంతకు పూర్వపు వాన లెక్క యే గ్రంథమునను లేదు. అది బంగాళాఖాతపు అడుగు బురదలో నున్నది.

హాలియా వాగు కృష్ణలో కలియును. కృష్ణ సముద్రమున కలియును. గోదావరి, మహానది, గంగ మున్నగు నదులన్నియు ఏటేట ఒండ్రును గొనిపోయి సముద్రమున పొరమీద పొరగా పరచుచున్నవి. నీటిపై తేలాడు సూక్ష్మజీవులు చచ్చినపుడు వాని సున్నపు చిప్పలును ఆ పొరలలో చేరును. ఆ చిప్పలలో బరువైన ఆమ్లజని యెంత, తేలికైనది యెంత అని పరిశీలించినచో, ఆ జీవి బ్రతికియున్ననాడు సముద్రపు నీరు ఎంత ఉప్పన యో తెలియును. నదులు నిండుగా పారిన కాలమున ఉప్పదనము తగ్గును. వానలు వెనుకపట్టిన కాలమున హెచ్చును. పట్వారీ పహాణీ వలెనే యిదియు నొక దస్తావేజు. కాకున్న దీనిలో దిద్దుబాట్లకు తావు లేదు.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డూప్లెస్సీ 1982లో ఈ పొరలను చదివి చెప్పినదేమి? సుమారు 21,000 సంవత్సరములకు పూర్వము, మంచు మిక్కుటముగా నున్న కాలమున, బంగాళాఖాతపు నీరు నేటికంటె ఉప్పన. నదులు చిక్కినవి, నైరృతి గాలులు బలహీనములైనవి. చలి హెచ్చిన వానయు హెచ్చునని తలచువారికి ఇది వింతగా తోచును. కాని యుక్తి సులభము. వేసవిలో నేల సముద్రము కంటె అధికముగా వేడెక్కుట చేతనే తడిగాలి నేలవైపు వచ్చును. భూమధ్యరేఖ చెంతనున్న వానపట్టీ ఏ అర్ధగోళము వెచ్చగానుండునో ఆ వైపునకే జరుగును. ఉత్తర అమెరికాను, ఉత్తర ఐరోపాను కొన్నిచోట్ల మూడేసి కిలోమీటర్ల దళసరి మంచు కప్పియుండగా ఉత్తరార్ధగోళము చల్లబడి, వానపట్టీ దక్షిణమునకు దిగిపోయినది. పైగా చల్లని గాలి మోయగల తేమయు కొంచెమే.

ఇది వేలయేండ్లపాటు మెల్లగా జరిగిన మార్పు. దీనికంటె ఆలోచింపదగినవి ఆకస్మికముగా వచ్చిన చలికాలములు. అట్లాంటిక్ సముద్రపు బురదలో మంచుగడ్డలు మోసికొనివచ్చి జారవిడిచిన రాళ్లు పొరలు పొరలుగా నున్నవని జర్మను శాస్త్రజ్ఞుడు హైన్రిఖ్ 1988లో వెల్లడించెను. ఆ గడ్డలు కరగిన మంచినీరు ఉప్పునీటిపై మూతవలె పరచుకొనగా, ఉత్తరమునకు వేడిమిని గొనిపోవు సముద్రప్రవాహము మందగించెను. ఉత్తరదిశ మరల గడ్డకట్టెను. సుమారు 16,000 సంవత్సరముల క్రిందట వచ్చిన అట్టి కాలమున, నేడు విస్తీర్ణమున లోకమునకు రెండవ మంచినీటి సరస్సైన ఆఫ్రికాలోని విక్టోరియా ఎండి నేల బయటపడెను. మేఘాలయ గుహలలోను, చైనా గుహలలోను కారిన సున్నపునీరు గడ్డకట్టి నిలిచిన స్తంభములు ఆ కాలమునకే వానలు తగ్గినవని సాక్ష్యము పలుకుచున్నవి. అదే సమయమున కరవుసీమయైన ఈశాన్య బ్రెజిలులో వానలు కురిసినవి. ఇక్కడ పోయినది అక్కడ పడినది. 12,900 నుండి 11,700 సంవత్సరముల పూర్వమునకు నడుమ మరియొకమారు ఇట్లే జరిగినది. ఆ చలి తొలగుటకు పట్టినది కొన్ని దశాబ్దములే. తాత చూచిన వాన వేరు, మనుమడు చూచిన వాన వేరు.

పిమ్మట వానలు పుంజుకొన్నవి. వేసవి సూర్యుడు నేటికంటె తీక్ష్ణముగా నుండుటయు అందుకు తోడైనది. 2006లో భారత ప్రభుత్వము సముద్రగర్భమున గడ్డకట్టిన సహజవాయువును వెదకుటకు జోయిడెస్ రిజల్యూషన్ అను నౌకను నియోగించెను. వాయువు కొరకు త్రవ్వగా గోదావరి ముఖద్వారపు టెదుట బురద కడ్డీ చిక్కినది. అందలి ఆకుల మైనమును పరీక్షించినవారు 2012లో ప్రకటించిన దానిని బట్టి, సుమారు 4,000 సంవత్సరముల క్రిందట ఒకమారు, 1,700 సంవత్సరముల క్రిందట మరియొకమారు గోదావరీ ప్రాంతమున ఎండకు తాళు గడ్డిజాతులు ప్రబలినవి. కావున కౌటిల్యుని 13½ ద్రోణములు నిండువానల నాటి లెక్క కాదు. మొదటి తగ్గుదల గడచిన తరువాతి లెక్క.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప ఈ ప్రాంతమున మెట్టపొలములు మాగాణులైనవి. ఆ నీరు హాలియా ఆకాశమునుండి పడినది కాదు. పడమటి కనుమలపై నైరృతి గాలులు కురిపించినది. ఆ గాలులు తడబడిన 2023 ఆగస్టు నెల దేశమంతటికిని 1901 నుండి లెక్కలున్న ఆగస్టులలో అతి స్వల్ప వర్షమును చూపినది.

నేడు లోకము చల్లబడుట లేదు, వేడెక్కుచున్నది. వేడిగాలి ఎక్కువ తేమను మోయును గనుక ఈ శతాబ్దమున ఋతుపవనముల వాన హెచ్చునని 2021లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల నివేదిక తెలిపినది. ఆ నివేదికయే, అట్లాంటిక్ ప్రవాహము ఈ శతాబ్దమున మందగించుట మిక్కిలి సంభావ్యమనియు, 2100లోపల అది హఠాత్తుగా నిలిచిపోదని కొంత నమ్మకము కలదనియు, నిలిచినచో వానపట్టీ మరల దక్షిణమునకు జరిగి ఆసియా ఋతుపవనములు సన్నగిల్లుననియు చెప్పినది. వేసవిలో గ్రీన్లండు మంచు కరగి ఆ సముద్రమున చేరుచునే యున్నది.