సీసం పనివాళ్ళకు రక్తపరీక్ష ఎందుకు?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బ్యాటరీ పనివాళ్ళం. ఉపన్యాసాలు మాకు రావు. తెలిసిన సంగతి నాలుగు మాటల్లో మనవి చేసుకుంటాం.

పాత బ్యాటరీలు పగలగొట్టి, ప్లేట్లు విడదీసి, సీసం కరిగించడం మా పని. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కనుక చిన్న కొలిమి చాలు. కాని పొగ ఊపిరితోను, దుమ్ము అన్నం ముద్దతోను లోపలికి పోతుంది. మాలో ఒకాయన ఏడాదిపాటు కడుపునొప్పికి గ్యాస్ మాత్రలు మింగాడు. చేతుల్లో పట్టు తప్పాక ఒక డాక్టరుగారు "ఏం పని చేస్తావు బాబూ?" అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో రోగం దొరికింది.

దీనికి రక్తపరీక్ష ఉంది. అయితే ఒక్కసారి చేయిస్తే చాలదు. రక్తంలోని సీసం సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది. ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. కాబట్టి ఒక పరీక్ష ముఖ్యంగా ఈమధ్య సంగతే చెబుతుంది. ఆరు నెలలకొకసారి చేయించి, అంకెలు వరుసగా రాసుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. అంకె పెరుగుతుంటే, ఒంట్లో బాధ లేకపోయినా, పనిచోట లోపమున్నట్టే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 5 మైక్రోగ్రాములు ఉన్నా, అది ఎక్కడినుంచి వస్తున్నదో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది.

మా బట్టల దుమ్ము ఇంట్లో పిల్లలకూ చేటే. పెద్దలకన్నా వాళ్ళ ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది, చదువును దెబ్బ తీస్తుంది. పని బట్టలు షెడ్డులోనే విడిచి, చేతులు సబ్బుతో కడుక్కొని ఇంటికి రావాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దని అమ్మలకు మనవి.

ఇక మా భయం చెబుతాం. అంకె ఎక్కువొస్తే పనిలోంచి తీసేస్తారని మాలో చాలామంది సూదికి చెయ్యి చాపరు. సీసం విషాన్ని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే వృత్తిరోగాల జాబితాలో చేర్చారు. అయినా రేకుల షెడ్డులో మమ్మల్ని అడిగేవారెవరు?

అందుకని సంఘం వారిని రెండు కోరుతున్నాం. ఒకటి, ప్రతి పనివాడికీ ఒక కార్డు ఇచ్చి, పరీక్ష ఖర్చు భరించి, అంకెలు అందులో రాయించండి. రెండు, అంకె పెరిగినవాణ్ణి తీసెయ్యకుండా, తగ్గేదాకా వేరే పనిలో పెట్టమని యజమానులతో మీరే మాట్లాడండి. మేం అడిగితే వినరు, పదిమంది పెద్దలు అడిగితే వింటారు.

సెలవు.