మనలను గూర్చి కార్యాలయములందు వ్రాసియుంచిన కాగితములు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వర్తకమును గూర్చియు పెద్దలు నిన్నటినుండి విపులముగా నుపన్యసించియున్నారు. మేము విన్నవింపబూనినది చిన్న విషయము. అయినను మనలో బీదకుటుంబములకు నెలనెలకు నన్నము పెట్టు విషయ మగుటచే, భోజనముల వేళ సమీపించుచున్నను కొంచె మోపికపట్టి వినవలసినదని ప్రార్థన.

పింఛను, రేషను, విద్యార్థి వేతనము, వసతిగృహ ప్రవేశము, వికలాంగ ధ్రువపత్రము – వీనిలో దేనికై మనము దరఖాస్తు పెట్టుకొన్నను, పుచ్చుకొన్న కార్యాలయమునందు మన పేర నొక కాగితము పుట్టును. వీరి యాదాయ మింత, ఇల్లింత, ఆరోగ్య మిట్టిదని మరియొకరు అందు వ్రాయుదురు. ఆ వ్రాతనుబట్టియే సాయము వచ్చుటయో నిలిచిపోవుటయో జరుగును. ఆ వ్రాతను మనము మాత్రము చూడము. చూడవచ్చునని తెలిసినవారును మనలో మిక్కిలి తక్కువ.

కృష్ణా డెల్టా పల్లెలనుండి వచ్చిన పెద్దలకు కరణముగారి దస్త్రము జ్ఞాపకముండును. పొలము మన పేర నున్నదో లేదో ఆయన చెప్పినదాక మనకు దెలియదు, అడుగుటకు జంకు. 1984లో కరణపు టుద్యోగములు రద్దయినవి. దస్త్రమునకు మ్రొక్కు నలవాటు మాత్రము రద్దు కాలేదు. ఆనాడు గుడ్డమూటలో నుండినది నేడు కంప్యూటరు తెరమీద నున్నది.

మా వీధి సంగతి యొకటి చెప్పెదము. ఈ వన్ టౌనులో కాళేశ్వరరావు మార్కెట్టు చుట్టుపట్ల సందులలో పాత యిండ్లెట్లుండునో మీ రెఱుగుదురు. ఒక యింట నాలుగు వాటాలు, నాలుగు కుటుంబములు, కరెంటు మీటరు మాత్ర మొక్కటి. 2022లో అట్టి యింటి వెనుకవాటాలో నున్న యొక వితంతువునకు అప్పటి 2,500 రూపాయల పింఛను హఠాత్తుగా నిలిచిపోయెను. కార్యాలయమునకు బోయి యడుగగా, “సిస్టములో రాలేదు మామ్మగారూ, మేమేమి చేయగలము?” అని మర్యాదగనే చెప్పిరి. మూడు నెలలు తిరిగినది. మాటలో కోపము లేదు, కాని కారణమును లేదు. పెద్దమనుష్యునెవనినైన పట్టుకొని చెప్పింతమని మనవారే కొందఱనిరి. మేము వలదని, తెల్లకాగితముపై దరఖాస్తు వ్రాసి యామెచేత వ్రేలిముద్ర వేయించితిమి. అందడిగినది యింతే: తన పేరనున్న పరిశీలన పత్రముల నకళ్లు, పింఛను నిలుపుటకు వ్రాసిన కారణము.

26వ దినమున ఒక పుట వచ్చినది. భూమి, కారు, ప్రభుత్వోద్యోగము, ఆదాయపు పన్ను, ఇంటి వైశాల్యము, కరెంటు అని గడులు. అన్నిటను ఆమె బీదరాలే. కరెంటు గడిలో మాత్రము నెలకు సగటున 300 యూనిట్లు మించినట్లున్నది. అప్పటి ఆఱంచెల పరిశీలనలో ఆ హద్దు దాటినవారు అనర్హులు. ఇంటి మీటరు సంఖ్యకు ఆమె ఆధారు సంఖ్యను జతచేసియుండుటచే, నాలుగు వాటాల దీపములు, పంకాలు, ముందువాటా వారి ఫ్రిజ్జి, అన్నియు ఆ ముసలమ్మ నెత్తిన పడినవి! ఇంటి యజమాని సంగతిని వ్రాసి సంతకము చేసెను. ఉద్యోగి వచ్చి చూచి పోయెను. పింఛను మరల వచ్చినది. ఆగిన నెలల సొమ్ము రాలేదు. పొరపాటెవరిదని మేము విచారింపలేదు. అది యే గడిలో నున్నదో తెలియుటకే అన్ని నెలలు పట్టినందులకు మాత్ర మిప్పటికిని కష్టముగ నున్నది.

ఆమెకు తోడ్పడినది 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము. ఎందుకు కావలెనని అధికారి యడుగరాదు. 30 దినములలో జవాబీయవలెను. ప్రాణమునకుగాని స్వేచ్ఛకుగాని సంబంధించినదైనచో 48 గంటలలో. మన రాష్ట్రమున గ్రామస్థాయి కార్యాలయములందు రుసుము లేదు, మండలస్థాయిని 5 రూపాయలు, తక్కినచోట్ల 10 రూపాయలు. నకలునకు పుటకు 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుమే లేదు. వ్రాయలేనివారు నోట చెప్పిన, దానిని కాగితముపై పెట్టుటకు సమాచార అధికారియే తోడ్పడవలెను. జవాబు రాకున్నను, సరిగా లేకున్నను, 30 దినములలోపల ఆ శాఖలోని పై యధికారికి అప్పీలు. అటుపిమ్మట 90 దినములలోపల రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. నిర్ణయమువలన బాధపడినవారికి దాని కారణములు తెలుపవలెనని ఈ చట్టము నాలుగవ సెక్షనులోనే యున్నది.

ఇందొక మెలకువ గలదు. “నా పింఛను ఎందుకు తీసివేసితిరి?” అని వ్రాసిన, ప్రశ్నలకు బదులు చెప్పుట మా పని కాదని త్రిప్పిపంపుదురు. కాగితమును పేరు పెట్టి యడుగవలెను: పరిశీలన పత్రము, విచారణ నివేదిక, ఉత్తరువు నకలు. 2025లో వికలాంగ పింఛనుల పునఃపరిశీలనలో నోటీసు లందుకొన్నవారును, శాతము తగ్గెనని విని యూరకుండక, వైద్యులు వ్రాసిన పరీక్షాపత్రముయొక్క నకలునే కోరవలెను.

“ఇది వ్యక్తిగత సమాచారము, ఈయరా”దను మాట యిక ముందు మఱింత వినబడవచ్చును. వ్యక్తిగత సమాచారపు మినహాయింపును 2023 నాటి డేటా చట్టము విస్తరింపగా, ఆ మార్పు 2025 నవంబరులో నమలులోనికి వచ్చినది. మా దృష్టిలో ఆ మినహాయింపు పరులనుండి మనలను కాపాడుటకు గాని, మననుండి మనలను దాచుటకు గాదు. విద్యార్థి తాను వ్రాసిన పరీక్షాపత్రమును, అది దిద్దబడిన పిదప, తాను చూడవచ్చునని సుప్రీముకోర్టువారు 2011లోనే తీర్పు చెప్పియున్నారు.

ఇంగ్లండులో నిట్టి వ్యాజ్యమే యొకటి నడచినది. గాస్కిను అనునతడు తల్లి మరణానంతరము పసితనముననే లివర్‌పూలు నగరపాలకుల సంరక్షణలో పెరిగి, పెద్దవాడైన పిమ్మట తన దస్త్రమును జూపుడని యడిగెను. అది 46 మంది వ్రాసిన సుమారు 352 పత్రములు. వ్రాసినవా రొప్పుకొన్నవి 65 మాత్రమే యతనికి దక్కినవి. 1989లో యూరోపు మానవ హక్కుల న్యాయస్థానమువారు, అన్నియు నీయవలె ననలేదు. వ్రాసినవారు కాదన్నను, జవాబీయకున్నను, ఇచ్చుటా మానుటా తేల్చుటకు స్వతంత్రుడైన మధ్యవర్తి యుండవలెననిరి. మన దేశమునను, దత్తు వెళ్లినవారు తమ మూలములను వెదకికొనుటకు 2022 నాటి దత్తత నిబంధనలలో దారి గలదు. కాని కన్నవారి గోప్యతకు భంగము కలుగరాదు. ఆ పరిమితి న్యాయమే యని మా తలంపు.

ఇంతవఱకు సర్కారువారి మాట. మన యింటి మాటయు చెప్పవలెను. చిన్ననాట తండ్రిని గోలుపోయి మన వసతిగృహమున జదివిన యొక సోదరుడు, ఇప్పుడు యేబదియేండ్లవాడు, తన ప్రవేశపు దరఖాస్తును జూపుడని మొన్న వేసవిలో నడిగెను. దానిపై తండ్రి చేవ్రాలున్నది. ఆ చేతివ్రాత మరెక్కడను లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగరును ముంచినపుడు వారి బీరువాలోనివన్నియు బురదయైనవి. మనవారు “సంఘపు రికార్డులు బయటికీయము” అనిరి! రెండు నెలల పిమ్మట మేము పైగదిలో వెదకి తీసితిమి. చేవ్రాలు చెక్కుచెదరలేదు. దాని క్రింద నప్పటి పర్యవేక్షకులు పదునొకండేండ్ల బాలుని గూర్చి “మందబుద్ధి” యని వ్రాసియుండిరి. అతడు నవ్వెను; పిదప చాలసేపు మాటాడలేదు.

ప్రభుత్వధనము గణనీయముగా లేని మనబోటి సంఘములకు సమాచార హక్కు చట్టము వర్తింపదు. కాబట్టి మనమే యేర్పాటు చేసికొనవలెను. వసతిగృహమున జదివినవా రెవరైనను తమ పుటను చూచుకొని నకలు పొందవచ్చుననియు, అందు ఇతర బాలుర సంగతు లున్న కప్పి యీయవలెననియు, 30 దినముల గడువుతో నొక కార్యదర్శి బాధ్యుడు కావలెననియు తీర్మానమును వ్రాసి అధ్యక్షులవారి బల్లపై నుంచితిమి. మధ్యాహ్న సమావేశమున దీనిని చర్చింప కోరుచున్నాము.

దరఖాస్తు నమూనాలు భోజనశాల ద్వారమువద్ద నున్నవి. వ్రాయలేనివారికి వ్రాసిపెట్టుటకు మన యువకు లిద్దఱు సాయంకాలమువఱకు నచట కూర్చుందురు. పింఛను నిలిచినవారు తమ నోటీసును, ఉమ్మడి మీటరున్నచో కరెంటు బిల్లును చూపవలెను.