బడిలో తగవు – ప్రధానోపాధ్యాయుని ధర్మము



నేటి ప్రసంగమునకు విషయము బడిలో పుట్టు తగవులు, వానిని ప్రధానోపాధ్యాయుడు తీర్పవలసిన విధము. ఇది పంతుళ్ల గొడవ, మాకేమి పని యని మీరు తలపవలదు. బడిలో తీరని తగవు సాయంకాలమునకు రచ్చబండ నెక్కును. రచ్చబండమీద రేగిన పగ మరునాడు బడిలో ప్రవేశించును. ఈ రాకపోకల నడుమ నలిగిపోవునది పసివాని చదువు.

ముందుగ నొక భేదమును గుర్తింపవలెను. న్యాయస్థానమున తీర్పు వెలువడిన పిమ్మట వాది యొక దారిని, ప్రతివాది యొక దారిని పోవుదురు. మరల మొగములు చూచుకొన నక్కరలేదు. బడిలో నట్లు కాదు. నేడు కొట్లాడిన పిల్ల లిద్దరును రేపు ఒకే బెంచిపై కూర్చుండవలెను. మాటపట్టింపు పెంచుకొన్న ఉపాధ్యాయు లిద్దరును ఒకే తరగతికి ఒకరి వెనుక నొకరు పోవలెను. కావున గెలిచినవా డెవడు, ఓడినవా డెవడు అని తేల్చుటతో ప్రధానోపాధ్యాయుని పని ముగియదు. వారు మరల కలిసి కూర్చుండగలుగునట్లు తేల్చినప్పుడే ముగియును.

నేను నివసించు సైనిక్‌పురి, సికింద్రాబాదు చెంత, సైన్యమున పనిచేసి విశ్రాంతి గైకొన్న వారికై వెలసిన చోటు. ఇచ్చటి పెద్దలతో ముచ్చటించునప్పుడు, "బడికి కావలసినది క్రమశిక్షణ, గట్టిగ నొక ఆజ్ఞ యిచ్చిన తగవు లెందుకుండును?" అని కొంద రనుట కలదు. సైన్యమున ఆజ్ఞ తగినదే. శత్రువు నెదుట నిలిచినవానికి ప్రశ్నించుటకు వ్యవధి యుండదు. కాని బడికి వచ్చినవాడు ప్రశ్నించుట నేర్చుకొనుటకే వచ్చినాడు. వాని నోరు ఆజ్ఞచేతనే మూయించినచో తగవు మాయదు. గోడ దాటి వీధి నెక్కును.

దీనికి మన దేశచరిత్రయే సాక్షి. 1907 ఏప్రిలు మాసమున బిపిన చంద్రపాలుగారు రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. ఆ యుత్సాహమున విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించి తరగతులకు వచ్చిరి. ప్రధానాచార్యుడు మార్కు హంటరు దొర వానిని నిషేధించెను. పిల్లలు లొంగలేదు, పెక్కుమందికి శిక్షలు పడెను. ఉపాధ్యాయశిక్షణ పొందుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. అంతతో అలజడి యణగెనా? మరుసటి సంవత్సరమే ఆయన స్వరాజ్య పత్రికలోని వ్రాతకు కారాగారమున కేగిరి. అనంతరకాలమున గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును ఆయనయే పెద్దదిక్కయ్యెను. పంతులుగా పనికిరాడని వెళ్లగొట్టబడినవాడు ఆంధ్రదేశమున వయసు వచ్చినవారికి అక్షరములు నేర్పించెను.

ముప్పదియొక సంవత్సరముల పిమ్మట, 1938లో, హైదరాబాదున నదే గీతము, నదే కథ. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహములలో వందేమాతరము పాడరాదనిరి. విద్యార్థులు సమ్మెకు పూనుకొనిరి, బహిష్కృతులైరి. నాగపుర విశ్వవిద్యాలయము వారిలో పెక్కురను చేర్చుకొనెను. అట్లు నాగపురము చేరిన వారిలో పాములపర్తి వేంకట నరసింహారావుగా రొకరు. 1991లో ఆయన భారతదేశ ప్రధానమంత్రి యైరి. ఆనాటి కళాశాలాధిపతులు పాలకుల యధీనమున నుండిరి, వారి చేతులు కట్టబడియుండె నని చెప్పవచ్చును. అది నిజమే. అయినను, నాగపురమునకు పోవుటకు దారిబత్తెము లేనివాని గతి యేమి? బడినుండి వెళ్లగొట్టుట పెద్దలకు ఒక సంతకముతో తీరు పని. బీదవానికి జన్మమంతయు తీరని లోటు.

మరి విచారణ యెట్లు చేయవలెను? మన శాస్త్రములలో అధికరణ మను నొక పద్ధతి కలదు. విషయ మేదో ముందు చెప్పవలెను. అందలి సంశయ మేదో చూపవలెను. పిమ్మట పూర్వపక్షము, అనగా ఎదుటివాని వాదము, వాని నోటనుండి వచ్చినదానికంటె బలముగ మనమే చెప్పవలెను. అటుపిమ్మటనే సిద్ధాంతము. వేదాంతులు సంగతి యను నంగమును గూడ లెక్కింతురు. అది ముందు వెనుకల పొందిక. గురువుల యొద్ద కూర్చుండి గ్రంథములకొరకు నేర్చిన ఈ క్రమము బడితగవులకు గూడ చక్కగ నుపకరించును.

నే నెరిగిన యొక పల్లెబడిలో లెక్కల పంతులు ఒక బాలుని కొట్టెను. మరునాడు తండ్రి పదిమందిని వెంటబెట్టుకొని వచ్చెను. ప్రధానోపాధ్యాయు డెవ్వరిని గద్దింపలేదు. వచ్చినవారిని చెట్టునీడను కూర్చుండబెట్టి మంచినీ రిప్పించి, తండ్రి నొక్కనినే గదిలోనికి పిలిచెను. "అయ్యా, ముందు మీ మాట వినెదను. ముగియువరకు నడుమ మాటాడను" అనెను. పావుగంట గడచినపిదప విషయము బయటపడెను. తండ్రి గుండెలో గ్రుచ్చుకొన్నది దెబ్బకంటె, "కూలివాని కొడుకువు, నీకు లెక్క లెందుకురా" యని పంతులనిన మాట. తరువాత పంతులును, బాలుడును వేరువేరుగ మాటాడిరి. పత్తి యేరుటకై బాలుని నెలలో సగము దినములు మాన్పించుచున్నారనియు, ఎన్నిమారులు చెప్పి పంపినను ఎవ్వరును రాలేదనియు పంతులు మొరపెట్టుకొనెను.

అప్పుడు ఇరువురను కూర్చుండబెట్టి, ప్రధానోపాధ్యాయుడు తండ్రి బాధను తానే పంతులునకును, పంతులు బాధను తానే తండ్రికిని వినిపించెను. తమ మాట పరుని నోట చక్కగ పలుకబడగా విన్నవారికి సగము కోపము దిగిపోవును. పంతులు ఆ బాలునితోనే, ఆ గదిలోనే, అనరాని మాట అంటినని చెప్పెను. తండ్రి ఇకపై బడి మాన్పింప ననెను. పోయిన పాఠములు సాయంకాలము అరగంట చొప్పున చెప్పుటకు పంతులు ఒప్పుకొనెను. ఇదే నేను చెప్పిన సంగతి, తెగినదానిని మరల కలుపుట. వారము దినముల తరువాత ప్రధానోపాధ్యాయుడు ఇరువురను మరల విచారించెను. ఈ చివరి పని చాలమంది మరతురు.

అయితే పంతులునకు వ్రాతమూలకముగ హెచ్చరిక గూడ ఇచ్చెను. పిల్లలను కొట్టుట, మాటలతో హింసించుట 2009 నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున నిషిద్ధము. ఇరువురు ఒప్పుకొనిన మాత్రాన చట్టము తొలగిపోదు.

దీనినిబట్టి తెలియవలసిన దేమనగా, ప్రతి తగవును సగము సగము పంచి తీర్చుట న్యాయము కాదు. బడిలో వండిన భోజనము పెట్టవలె నని 2001లో సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించెను. వంటవారిని నియమించుటలో దళితులకు ప్రాధాన్య మీయవలె నని 2004లో చెప్పెను. ఆ చేతివంట మా పిల్లలు తినరని కొందరు వచ్చిన, ప్రధానోపాధ్యాయుడు వేరు పంక్తి వేయించి రాజీ చేయరాదు. తానే ముందుగ పంక్తిలో కూర్చుండి భోజనము చేయవలెను. ఒక బిడ్డ గౌరవములో సగము కోసి మరియొకరికి పంచుట రాజీ యనిపించుకొనదు.

ఇంకొకటి చెప్పుటకు కష్టముగ నున్నను చెప్పక తప్పదు. బాలికపై గాని, బాలునిపై గాని లైంగికమైన దురాగతము జరిగినచో, అది తగవు కాదు, నేరము. 2012 నాటి చట్టము ప్రకారము తెలిసినవారు వెంటనే పోలీసులకు తెలుపవలెను. తన చేతిక్రింది వాని నేరమును తెలుపని సంస్థాధిపతికి ఒక సంవత్సరమువరకు ఖైదు విధింపవచ్చును. పిల్ల పేరు చెడునని, ఊరి పరువు పోవునని రచ్చబండమీద సొమ్ము కట్టించి మాటుమణచుటకు పెద్దలు పూనుకొనరాదు. అట్టి పెద్దరికము ఆ బిడ్డకు రెండవ గాయము.

కడపట మీకు నా మనవి. విద్యాహక్కు చట్టము ఇరువది యొకటవ విభాగము ప్రభుత్వపు బడులకు యాజమాన్య సంఘమును విధించినది. అందు మూడువంతులకు తక్కువగాక తలిదండ్రులుండవలెను. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. ఆ సంఘమును సంతకముల పుస్తకముగ మిగుల్పక, సభ్యులచే మాటాడింపుడు. ఫిర్యాదున్నచో పైయధికారికి అర్జీ పెట్టుటకు ముందు ప్రధానోపాధ్యాయుని యొద్దకు పొండు. ఆయన వినకున్న నప్పుడు పైకి పొండు. పోవునప్పుడు పదిమందితో గాక ఒక్కరే పొండు. మీ యూరి కక్షలను బడి గుమ్మమువద్ద విడిచిపెట్టుడు. ఉపాధ్యాయుని తప్పు బిడ్డల యెదుట ఎంచవలదు. బిడ్డ చెప్పిన బాధను వినక త్రోసివేయనువలదు.

ప్రధానోపాధ్యాయుడు ఒంటరివాడు. పైనుండి ఆజ్ఞలు, క్రిందనుండి ఫిర్యాదులు వచ్చుచుండ నడుమ కుర్చీలో నుండును. ఓపికతో వినుట కాయనకు మీ రవకాశ మిచ్చినచో, రేపు మీ బిడ్డలు ఒకే బెంచిపై కూర్చుండి చదువుకొందురు.