మడి కట్టుకున్న మాట



శ్రీకాకుళంలో మా అమ్మమ్మగారింట్లో, పెరటి వసారా చూరు కింద, మా చేతులకి అందనంత ఎత్తున ఒక దండెం ఉండేది. అది మడిబట్టల దండెం. అమ్మమ్మ తెల్లవారకుండానే నూతి దగ్గర స్నానం చేసి, చీర తడిపి, పిండి, కర్రతో దానిమీద ఆరవేసేది. మర్నాడు ఆ చీర కట్టుకున్నాక వంట, పూజ, నైవేద్యం అయ్యేదాకా ఆవిడ దరికి ఎవరమూ పోకూడదు. పసివాడెవడైనా మారాం చేస్తే, "ఆ చొక్కా విప్పేసి రా నాయనా" అనేది. బట్టల్లేని పిల్లవాడికి అంటు లేదు! ఇదేం వింత అని అప్పుడు నవ్వుకునేవాళ్ళం. మడి ఉన్నది మనిషిలో కాదు, బట్టలోనేనని ఇప్పుడు తోస్తుంది.

ఆ మాట పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. మన పొరుగు భాష కన్నడంలో మడి అంటే ఉతికిన బట్ట. మడివాళ అంటే చాకలి. బెంగుళూరులో మడివాళ అనే పేట ఉన్నదని మీలో చాలామంది వినే ఉంటారు. తెలుగులోనూ చాకలివారికి మడివేలు, మడేలు అన్నవి పాత పేర్లు. మడుగు అన్నా ఉతికిన బట్టే. కొత్త అల్లుడికి అడుగులకు మడుగులొత్తుతున్నారని వేళాకోళం చేస్తాం కదా! అక్కడ మడుగంటే నీళ్ళ మడుగు కాదు. గొప్పవారు నడిచే దారిలో, కాలికి మన్నంటకుండా ఉతికిన బట్టలు పరవడం. పెళ్ళిళ్ళలో నడపావడ పరిచేది కూడా ఇలాంటి మర్యాదే.

అందుకే కాబోలు, మడిగా ఉన్నామనడమే కాదు, మడి "కట్టుకున్నాం" అని కూడా అంటాం. కట్టుకునేది బట్టనే కదా! మొదట ఉతికిన బట్టకున్న పేరు, తరవాత ఆ బట్ట కట్టుకున్న మనిషి శుచికి వచ్చింది. చివరికి "నన్ను ముట్టుకోకు" అనడానికి గుర్తయి కూర్చుంది.

నూలుబట్టయితే రోజూ తడిపి ఆరవెయ్యాలి, పట్టుకి ఆ బాధ లేదు, పట్టుకి అంటు లేదని పెద్దల మాట. ఆ పట్టు రావాలంటే పురుగుతో సహా గూళ్ళను వేడినీళ్ళలో ఉడికించాలని తెలిసినా, పీటల మీద కూర్చునేటప్పుడు అది మనకి గుర్తుండదు. మడికి కట్టే తాపితా ఉన్నదే, ఆ పేరు పారశీకం నుంచి వచ్చింది. మన జిల్లా పొందూరు సన్న ఖద్దరు సంగతీ అంతే. అక్కడి ఆడవాళ్ళు పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడ ఎముకతో. ఆ పంచె కట్టుకుని ఎందరు నిష్ఠాపరులు సంధ్య వార్చారో! ఎన్ని చేతులు పడితే ఒక బట్ట మడిబట్ట అవుతుందో చూడండి.

కాని అమ్మమ్మగారింట్లో ఒక్క చేతికి మాత్రం లెక్క లేదు. నాగావళి రేవులో ఉతికి, ఎండబెట్టి, మడతలు పెట్టి చాకలామె మూట తెచ్చేది. దాన్ని అరుగు చివర పెట్టి ఎడంగా నిలబడేది. చాకలి తెచ్చిన బట్ట మడికి పనికిరాదని, అమ్మమ్మ నీళ్ళు చిలకరించి, తన చీర మళ్ళీ తడిపేది. ఒకరోజు ఆమె ఉండబట్టలేక, "ఉతికిన గుడ్డే మైలయితే, మైలగుడ్డ ఏటమ్మా?" అంది. అమ్మమ్మ "చాల్లేవే" అని కసిరింది గాని, జవాబు చెప్పలేదు. పక్కనే ఉన్న మేం కిసుక్కుమన్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. మడి అన్న మాట ఎవరి పనిలోంచి పుట్టిందో, వాళ్ళనే ఆ మాట చెప్పి గుమ్మం అవతల నిలబెట్టాం.

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో రాసిన బసవపురాణంలో మడివాలు మాచయ్య కథ ఉంది. ఆయన చాకలి. శివభక్తుల బట్టలు ఉతికి మూట కట్టి తీసుకువెడుతూ, భక్తుడు కానివాడెవడూ దాన్ని తాకడానికి వీల్లేదని పట్టుబట్టేవాడు. అక్కడ మడి పాటించినవాడు చాకలే, ఇంకొకరు కాదు!

పూజకి శుభ్రమైన బట్ట కట్టుకోవద్దని నేననడం లేదు. నేనూ కట్టుకుంటాను. స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది. ఆ హాయిని వదులుకోనక్కర్లేదు. కాని ఆ చీర ఉతికిన మనిషి, ఇస్త్రీ చేసి తెచ్చిన మనిషి మన గుమ్మంలోకి వచ్చినప్పుడు లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, మనం తాగే గ్లాసుతోనే మంచినీళ్ళిద్దాం. మడి పోతుందేమోనని భయమా? మడి అంటే ఉతికిన బట్ట అని ఇందాకే చెప్పుకున్నాం కదా. ఉతికిన చెయ్యి తగిలితే అది ఎలా పోతుంది?