జీతం కోసేది కంప్యూటరు కాదు

(విజయవాడలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీతం ఎందుకు తగ్గిందని అడిగితే ఆఫీసులో గుమాస్తా చెప్పే మాట మీరంతా వినే ఉంటారు: "నాదేం లేదమ్మా, కంప్యూటరు కోసింది." ఇవాళ ఆ మాట గురించే మాట్లాడతాను.

జీతాల సాఫ్ట్‌వేర్‌లో మూలవేతనానికి, ఇంటద్దె భత్యానికి, రవాణా ఖర్చుకి, కోతలకి వేరువేరు గళ్ళుంటాయి. ప్రతి గడికీ ఒక రూలు పెట్టాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు దాన్ని మార్చుకోవచ్చు. యంత్రం లెక్క కడుతుంది, అంతే. రూలు పెట్టించేది యాజమాన్యం.

2022లో ఈ ఊరు దీన్ని కళ్ళారా చూసింది. అప్పటిదాకా 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్న ప్రభుత్వోద్యోగులకి కొత్త పీఆర్సీ 23 శాతం ఫిట్‌మెంటు ఇచ్చింది. ఇంటద్దె శ్లాబులు కూడా తగ్గాయి. ఆ లెక్కన జనవరి బిల్లులు చెయ్యమని ఖజానా ఉద్యోగులు మొండికేశారు. ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ' జరిగాక, చర్చల్లో ఇంటద్దె శ్లాబులు మళ్ళీ మారాయి. సంఘం ఉంటే రూలు కూడా బేరానికొస్తుంది. బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడే అమ్మాయికి, ప్రైవేటు ఆసుపత్రి నర్సుకి ఆ సంఘమేది?

ఉయ్యూరు, పామర్రు, గుడివాడల నుంచి ఇంటిచాకిరీ ముగించుకుని బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. బస్సు జాగైతే వేలిముద్ర మిషను పది నిమిషాలు లేటని రాసుకుంటుంది. మూడు లేట్లకి అరరోజు జీతం కోత అన్నది చాలాచోట్ల నడుస్తున్న రూలే. అంటే ముప్ఫై నిమిషాలకి నాలుగు గంటల జీతం పోతుంది! పనిలో లేని కాలానికి మించి జీతం కోయకూడదని 1936 నాటి వేతన చెల్లింపు చట్టం 9వ సెక్షను చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ 20వ సెక్షనూ అదే చెబుతోంది. సాఫ్ట్‌వేరు మాత్రం చట్టం చదవదు కదా.

ఇంకో రూలు ఇంతకంటే లోతుగా దాక్కుంటుంది. 14,000 జీతంలో మూలవేతనం 5,000, ఇంటద్దె 6,000, రవాణా 3,000 అని విడగొట్టారనుకోండి. చేతికొచ్చే మొత్తం మారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ గ్రాట్యుటీ లెక్కకి 5,000నే తీసుకుంటే, అయిదేళ్ళ సర్వీసుకి వచ్చేది సుమారు 14,423 రూపాయలు. ఇలాంటి భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలని కొత్త కోడ్ అంటోంది. అప్పుడు వేతనం 7,000, గ్రాట్యుటీ 20,192. ఆ తేడా ఎవరి జేబులో ఉంటోంది?

ప్రసూతి సెలవు సంగతి సరే సరి. చట్టం 26 వారాలన్నా, హాజరు గడిలో "జీతం లేని సెలవు" అని పడితే ఇంక్రిమెంటు కూడా వెనక్కి జరుగుతుంది. సెలవు కాలంలో ఆమెకి నష్టం కలిగేలా ఉద్యోగ షరతులు మార్చడాన్ని చట్టం నిషేధించింది.

జీతం చీటీ ఇవ్వడం యజమాని బాధ్యత అని వేతనాల కోడే చెబుతోంది. మీ దగ్గరికొచ్చే ప్రతి మనిషినీ మూడు నెలల చీటీలు తెమ్మనండి. కోత పడిన ప్రతి గడి దగ్గరా, ఆ రూలు కాగితం మీద ఎక్కడుందో చూపమని రాతపూర్వకంగా అడిగించండి.